నేను చెప్పని ఆదివారం

ఈ కబురు నాకు మొదట చెప్పింది కామేశ్వరి. గుడి వంటశాలలో ఇద్దరం పులిహోర కలుపుతున్నాం. "మీ సింధుకి గొంతు ఆపరేషన్ అయిందట వదినా. మాట్లాడొచ్చు గానీ ఇక స్టేజీ మీద పాడకూడదన్నారట," అంది. ఆ పిల్ల విషయంలో చేసిన ఒక తప్పు బరువు పదకొండేళ్లుగా మోస్తున్నాను. ఆ పాటే ఆగాక ఇక దాన్ని దించుకునే చోటు లేదని అప్పుడే తెలిసింది. అందుకే మీతో చెబుతున్నాను.

నేను బడికి వెళ్లినదాన్ని కాను. అక్షరాలు, కీర్తనలు, పంచాంగం, అన్నీ మా నాన్నగారు ఇంట్లోనే నేర్పారు. అమెరికాలో, డాలస్ పక్కనున్న ఈ కాపెల్ ఊళ్లో నన్ను నిలబెట్టినవి అవే. అందుకు రోజూ భగవంతుడికి దణ్ణం పెట్టుకుంటాను. ఇండియా తిథులు ఇక్కడికి సరిపోవు. డాలస్ సూర్యోదయానికి లెక్కకట్టి నేను ముహూర్తం పెడితే ఎవరూ మళ్లీ సరిచూసుకునేవారు కారు.

సింధు ఇక్కడే పుట్టిన పిల్ల. ఐదో ఏట నా దగ్గర పాటకి కూర్చుంది. కాలేజీకి వెళ్లాక బూట్లు తొడుక్కుని, గిటార్ పట్టుకుని, బార్బెక్యూ హోటళ్లలో కంట్రీ పాటలు, అంటే ఇక్కడి పల్లె బాణీలు, పాడటం మొదలుపెట్టింది. ఫిడిల్ వాయించే టెక్సస్ అబ్బాయి కోల్‌ని ఇష్టపడింది. మన పద్ధతిలో పెళ్లి కావాలని ఆ అబ్బాయే అడిగాడట. ముహూర్తం నన్ను పెట్టమన్నారు.

ఆ నెలలోనే ఆమెకి, ఆ పాటలకి పుట్టిల్లయిన నాష్‌విల్ నుంచి పిలుపు వచ్చింది. పేరున్న గాయకుడి కచేరీకి ముందు ఇరవై నిమిషాలు పాడాలి. ఆదివారం సాయంత్రం. ఆ రోజు మారదు. అది నాకు తెలుసు. తెలిసే పెళ్లి ముహూర్తం ఆ ఆదివారానికే పెట్టాను.

"ఆంటీ, ఇంకో డేట్ అస్సలు లేదా? జస్ట్ ఒక్క వీక్ తర్వాత?"

"లేదమ్మా. శుక్ర మౌఢ్యం వచ్చేస్తోంది. శుక్రుడు కనపడడు. రెండు నెలలు ఆగాలి."

"డాలస్‌లో ఏ స్టార్ కనపడుతుంది ఆంటీ! ఆయన రాకపోతే ఎవరు నోటీస్ చేస్తారు?" అని నవ్వింది. మళ్లీ తనే, "అమ్మమ్మ రిటర్న్ టికెట్ నెలాఖరుకి. అమ్మమ్మ లేకుండా నేను చేసుకోను. మీరు చెప్తే ఓకే ఆంటీ," అంది.

మరుసటి ఆదివారం ఉదయం ఇంకో మంచి లగ్నం ఉంది. మౌఢ్యం ఆ తర్వాతే. నా పుస్తకంలో నా చేత్తోనే రాసుకున్నాను. చెప్పలేదు.

ఎందుకు? అలా చెయ్యమని ఎవరూ నన్ను అడగలేదు. వాళ్ల అమ్మానాన్నలు కూడా. నేను నేర్పిన గొంతు బీరు సీసాల మధ్య పాడుతోందని నాకు కష్టంగా ఉండేది. ఈ ఒక్క మెట్టు తప్పితే మళ్లీ నా చాప మీదికి వస్తుందనుకున్నాను. ఆ గొంతు నేనిచ్చిందా? దేవుడిచ్చినదాన్ని నాదనుకున్నాను. పోనీ, తిరిగొచ్చిందా? రాలేదు. ఆ ఇరవై నిమిషాలు ఇంకెవరికో వెళ్లాయి. పెళ్లయ్యాక సింధు, కోల్ ఇద్దరూ వ్యాన్‌లో ఊరూరా తిరిగి, చిన్న చిన్న స్టేజీల మీదే పాడుకున్నారు.

కామేశ్వరి తన ఫోన్‌లో సింధు ఆఖరి కచేరీ వీడియో చూపించింది. కోల్ భుజం మీద చెయ్యి వేసి, బొంగురు గొంతుతో, వచ్చినవాళ్లకి ఇంగ్లీషులో చెబుతోంది: మా ఆంటీ మంచి రోజు చూసి పెట్టింది, అందుకే ఇన్నేళ్లూ ఇలా ఉన్నాం, అని. ఆ రోజు మంచిదే. అబద్ధం రోజులో లేదు, అదొక్కటే ఉందనడంలో ఉంది.

సింధుకి చెప్పాలా? చెబితే ఆ పెళ్లిరోజు కూడా పాడవుతుందేమోనని ఆగుతున్నాను. ఇది దయేనా, నా పిరికితనానికి నేను తొడిగిన పట్టుచీరా? తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగేది కాదు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

ఒక్కటి అడుగుతాను. దీపం పెట్టేటప్పుడు సింధుని ఒకసారి తలుచుకోండి. అందుకు ముహూర్తం అక్కర్లేదు. ఏ రోజైనా మంచిదే.