పెదనాన్నకి వినపడని మొరుగుడు

మా పెదనాన్న ముప్పై ఏళ్లు బాయిలర్ల షెడ్డులో ఇనప రేకుల మీద సమ్మెట కొట్టాడు. రిటైరయ్యేనాటికి రెండు చెవులూ అక్కడే వదిలేసి వచ్చాడు. పెద్దమ్మ నర్సు. ఆవిడ డ్యూటీకి వెళ్తే పగలంతా ఈయన ఒక్కడే. తోడుంటుందని కుక్కల ఆశ్రమం నుంచి రెండేళ్ల గోధుమరంగు కుక్కని తెచ్చింది. వారం తిరక్కుండానే వీధివాళ్లు దానికి సైరన్ అని పేరు పెట్టేశారు.

మెట్ల మీద అడుగు పడితే చాలు, ఇల్లెగిరిపోయేలా అరిచేది. పక్కనే పెదనాన్న హాయిగా పేపరు చదువుకునేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో అప్పుడు కళ్లారా చూశాను. కింద ఉండే ఇంటి ఓనరావిడకి మాత్రం చెవులు బాగానే పనిచేస్తాయి.

"మొరిగే కుక్క కరవదమ్మా," అని పెద్దమ్మ నచ్చజెప్పబోయింది.

"కరిచినా ఊరుకుందును. ఆదివారం దాకా చూస్తాను. నోరు మూయకపోతే తెచ్చినచోటే వదిలేసి రండి," అంది ఆవిడ.

అప్పటికే దాన్ని ఇద్దరు తీసుకెళ్లి వెనక్కి ఇచ్చారట. మళ్లీ వస్తే ఇక అడిగేవాళ్లుండరని ఆశ్రమంవాళ్లు చెప్పారు. పెదనాన్నకి బెంగ పట్టుకుంది, తిండి సయించలేదు. దాని ఎదురుగా కుర్చీ వేసుకుని, జేబునిండా బిస్కెట్లతో, రెప్ప వెయ్యకుండా దాని నోటికేసి చూస్తూ కూర్చున్నాడు. అరిచి నోరు మూసిందంటే బిస్కెట్టు. మూడు రోజుల్లో గోల రెట్టింపయింది.

గురువారం వెళ్లి పది నిమిషాలు చూశాను, సంగతి తేలిపోయింది. భౌమంటుంది, నోరు మూస్తుంది, బిస్కెట్టు తింటుంది, మళ్లీ భౌమంటుంది. "నువ్వు దానికి అరవడం నేర్పుతున్నావు పెదనాన్నా," అని కాగితం మీద రాసి చూపించాను. ఆయన మొహం పాలిపోయింది.

"చేతులారా నేనే చేశానన్నమాట," అన్నాడు.

తర్వాత కుర్చీ జరిపి, దాని పక్కన నేలమీద కూర్చుని, పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించాడు. షెడ్డులో చెవులు పోయాక కూడా రేకు మీద చెయ్యి పెట్టి, అదురుని బట్టి ఎక్కడ వదులైందో చెప్పేవాడట. అరుపుకి ముందు దాని ఒంట్లో సన్నగా ఒక వణుకు పుడుతుందని సాయంత్రానికల్లా పట్టేశాడు. వణుకు తగలగానే, నోరు తెరవకముందే బిస్కెట్టు. మూడు రోజులు చెయ్యి తియ్యలేదు. అయినా మధ్యలో ఎన్నిసార్లు ఆ వణుకు అందక అది అరిచేసిందో ఆయనకి తెలీదు, చెప్పే ధైర్యం మాకు లేదు.

ఆదివారం ఇంటావిడ మెట్లెక్కుతున్న చప్పుడైంది. నేనూ పెద్దమ్మా ఊపిరి బిగబట్టాం. పెదనాన్న చెయ్యి జేబులోకి వెళ్లింది. ఆవిడ తలుపు తట్టింది. మరో బిస్కెట్టు. వెళ్లి తలుపు తీశాను.

మామూలుగానే చిటపటలాడే ఆవిడ మొహం చూసి పెదనాన్న బెదిరిపోయాడు.

"అరిచిందా?"

ఆవిడ లేదన్నట్టు తలూపింది.

"నిజం చెప్పమ్మా, నాకు వినపడదు. అరిచిందా?"

ఆవిడ వంగి, తన పెదాలు ఆయనకి కనిపించేలా నింపాదిగా అంది. "అరవలేదన్నయ్యా. ఉండనివ్వండి."

అప్పుడు ఏడ్చాడు. ఎంత గట్టిగా ఏడుస్తున్నాడో ఆయనకి తెలీదు. వీధి చివరిదాకా వినపడే ఉంటుంది. ఇంటావిడ ఒక్క మాటా అనలేదు.