నాకు లేని రెండేళ్ళ అనుభవం

మొన్న సోమవారం మా ఆఫీసులో ఉద్యోగాలకొచ్చిన దరఖాస్తులు ముందేసుకుని కూర్చుంటే ఒకాయన వయసు ఇరవై నాలుగనీ, క్రేన్ల పనిలో అనుభవం పన్నెండేళ్ళనీ కనిపించింది. అంటే ఆరో తరగతి నుంచే, బహుశా ఇంటర్వెల్‌లో, టన్నుల కొద్దీ ఇనుము ఎత్తి దించి ఉంటాడన్నమాట. పక్క సీటాయన చూసి నవ్వాడు. నాక్కూడా నవ్వొచ్చింది గానీ సగంలో ఆగిపోయి, నోట్లో ఏదో చేదు తగిలినట్టయింది. ముప్పై అయిదేళ్ళకే జ్ఞాపకాలు రాయడం కాస్త అతి అని నాకూ తెలుసు. కానీ ఇంటర్నెట్ సెంటర్లో గంట లెక్కన కూర్చుని రెజ్యూమే టైపు చేయించుకున్న నా ఈడు వాళ్ళకు ఆ చేదు ఎక్కడిదో చెప్పక్కర్లేదు.

మాది ఆనందపురం దగ్గర వ్యవసాయ కుటుంబం. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా ముగించి ఏడాదిన్నర ఖాళీగా తిరిగాక, గాజువాకలో కాపురముంటున్న మా అక్క ఇంటికి చేరాను. మా బావ, అంటే అక్క భర్త, అక్కడికి దగ్గర్లోనే ఒక కాంట్రాక్టరు యార్డులో పదకొండేళ్ళుగా రిగ్గరు. ఎత్తాల్సిన సామానుకు గొలుసులు కట్టి, అది గాల్లో ఊగకుండా తాడు పట్టుకునే పని. ఆ పదకొండేళ్ళలో ఆయన కట్టిన ముడి ఒక్కటీ జారలేదని యార్డులో చెప్పుకునేవారు. ఇంట్లో మాత్రం లుంగీ ముడి నిలిచేది కాదు, అది వేరే సంగతి.

ఆ యార్డులో క్రేను ఆపరేటరుకు చేత్తో సైగలిచ్చే సిగ్నల్ మేన్ కావాలన్నారు, రెండేళ్ళ అనుభవం ఉండాలన్నారు. బావ అయితే ముందు హెల్పరుగా చేరమన్నాడు.

"ఆర్నెల్లు నా ఎనకాల తిరుగు బామ్మర్దీ, నాను నేర్పుతాను. సెయ్యి సూపించడం అనుకుంటన్నావేటి, మనిషి పేనం అది."

డిప్లొమా చదివినవాణ్ణి హెల్పరుగా చేరడమేమిటని నాకు తోచింది. ఆ డిప్లొమాకు రెండు సప్లిమెంటరీలు ఉన్నాయన్న సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్తే అక్కడి ఆయన తల ఎత్తకుండానే, ఇడ్లీ సింగిలా డబులా అని అడిగినంత మామూలుగా, ఎక్స్‌పీరియన్స్ రెండేళ్ళా మూడేళ్ళా అని అడిగాడు. మనది అత్యాశ కాదు కదా, రెండే వేయించుకున్నాను. ఊరూ పేరూ లేని ఒక కంపెనీలో నేను సిగ్నల్ మేన్‌నీ, అదనంగా సూపర్‌వైజర్‌నీ అయ్యాను. కంపెనీ ముద్ర కూడా ఆయనే కొట్టాడు. ప్రింటు ఇంకా వేడిగా ఉండగానే ఆ మనిషి నేనేనని నమ్మేశాను కూడా.

కాగితం తెచ్చి చూపిస్తే బావ ముఖం ముడుచుకున్నాడు. అయినా అక్క మాట తీసెయ్యలేక ఫోర్‌మన్ దగ్గరికి నన్ను వెంటబెట్టుకెళ్ళి, మావాడే అని ఒక్క మాట అన్నాడు. ఫోర్‌మన్ కాగితం చూడనేలేదు, బావ ముఖం చూసి గేట్ పాస్ రాసిచ్చాడు. నేను ముద్ర కొట్టించుకు తెచ్చిన అబద్ధానికి అసలు అక్కర్లేకపోయింది, ఆ సంగతే ఇప్పటికీ నాకు ఎక్కువ రోత పుట్టిస్తుంది.

మొదటి రెండు రోజులు చిన్న చిన్న సామాన్లు. పక్కనున్నవాడు ఎలా చేస్తే అలా చెయ్యి ఊపుతూ నెట్టుకొచ్చాను. మూడో రోజు పైపుల కట్ట ఒకటి గాల్లో ఉంది, కింద బావ తాడు పట్టుకుని ఉన్నాడు, గ్రైండర్ల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, ఆపరేటరు నా చెయ్యి వంకే చూస్తున్నాడు. కట్ట ఇంకాస్త ఇటు జరగాలి. మా ఆనందపురం జంక్షన్లో కూరగాయల లారీలను వెనక్కి తెప్పించే క్లీనర్లను చూస్తూ పెరిగినవాణ్ణి, నా చెయ్యి దానంతటదే లేచి, అరచెయ్యి నేల వైపు పెట్టి, వేళ్ళు కిందికి ఆడిస్తూ, రానీ రానీ అంది. లారీకి ఆ సైగ అంటే రమ్మని. క్రేనుకు దించమని.

దించాడు.

బావ వెనక్కి దూకాడు కాబట్టి బూటు అంచు నలిగి ఊరుకుంది. పైపుల కట్ట మాత్రం ఆ సాయంత్రమే లారీ ఎక్కాల్సిన గేర్‌బాక్స్ మీద పడి దాని మూత రెండు చెక్కలైంది. ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చి సిగ్నల్ ఎవరిచ్చారని అరిచాడు. నేను నోరు తెరిచాను. నిజం చెబుదామనే తెరిచానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను, గాలి కోసం కూడా అయ్యుండవచ్చు. ఈలోగా బావ తాడు కింద పడేసి ముందుకొచ్చాడు.

"నానేనండి. పక్కకి జరపమందామని సెయ్యూపినాను. తప్పు నాదే."

రిగ్గరుకు సైగలిచ్చే హక్కు లేదు. చూసిన ఆపరేటరు బావకు పాత స్నేహితుడు, ఆయన హఠాత్తుగా ఆకాశాన్ని పరిశీలించడం మొదలుపెట్టాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ సాయంత్రమే బావ గేట్ పాస్ లాగేసుకున్నారు. నాది నాకే ఉంది.

ఇంటికొచ్చి ఏడుపు లాంటిది మొదలుపెడితే బావ విసుక్కున్నాడు.

"నోరు మూసీ. మావాడే అని నిన్ను తీసుకెల్లింది నాను కాదేటి? లెగు, సెయ్యి సాపు. ఎలాగూ రాసీసినావు కదా, నిజమన్నా సెయ్యి."

అలా ఉద్యోగం పోయిన మనిషి వారం రోజులు పెరట్లో నిలబడి ఉద్యోగం ఉన్నవాడికి సైగలు నేర్పాడు. నేర్చుకున్నాను. సిగ్గు లేకపోతే ఏ విద్యయినా తొందరగానే వస్తుంది. రేపు వెళ్ళి చెప్పేస్తానని ప్రతి ఉదయం అనుకుంటూ ఆ యార్డులో నాలుగేళ్ళు పనిచేశాను, ఆ అనుభవం చూపించుకునే ఈ ఆఫీసు సీటు దాకా వచ్చాను. నా రెజ్యూమేలో ఇప్పటికీ ఒక వాక్యం ఉంది, నా సర్వీసులో నా వల్ల ఒక్క ప్రమాదమూ జరగలేదని. కావాలంటే రికార్డు తీసి చూసుకోవచ్చు, అందులో ఉన్నది బావ పేరు.

గేట్ పాస్ పోయిన నెలలోనే బావ వేరే యార్డుల్లో పనికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆయనకు రాత అంతగా రాదు కనుక ఫారాలు నేనే నింపాను. పాత పని ఎందుకు మానేశారన్న గడి దగ్గర సొంత కారణాలని రాయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పు సిగ్నల్ ఇచ్చినానని రాసీ."

"ఇచ్చింది నువ్వు కాదు కదా బావా!"

"అందరి ముందరా నానే అని సెప్పీసినాను కదా. ఇప్పుడు మార్సితే అబద్దమైపోద్ది."

మూడు యార్డులు, మూడు ఫారాలు, మూడింటిలోనూ నా దస్తూరీ. ఎవరూ పిలవలేదు. కొన్నాళ్ళకు ఆయన పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు దించే పనికి కుదిరాడు, ఇప్పటికీ అదే చేస్తున్నాడు. నేనెప్పుడైనా అటు వెళితే టీ తాగిస్తాడు, ఉద్యోగం ఎలా ఉందని అడుగుతాడు. బాగుందంటాను. అదీ రెజ్యూమే భాషే.

ఇప్పుడు ఇంటర్నెట్ సెంటర్లూ లేవు, ముద్రలూ లేవు. ఎవరి అబద్ధం వాళ్ళే ఫోన్లో కూర్చుని తీరిగ్గా దిద్దుకుంటున్నారు, మునుపటిలా ఇంకొకడి ముఖం చూస్తూ చెప్పాల్సిన ఇబ్బంది కూడా తప్పింది. ఫారాలు నింపడానికి పెన్ను అక్కర్లేదు. పాత ఉద్యోగం ఎందుకు మానేశారన్న చోట వేలు పెడితే కారణాలన్నీ వరసగా అవే దిగుతాయి. మెరుగైన అవకాశం, పై చదువు, ఆరోగ్యం, కుటుంబ బాధ్యతలు, ఒప్పందం ముగియడం, అని ఏదో ఒకటి నొక్కి ముందుకెళ్ళిపోవచ్చు. ఆ జాబితాను నేను చివరిదాకా కిందికి జరిపి చూశాను. బావమరిది అనే కారణం అందులో లేదు.