బటన్ మీద వేలు

మా అమ్మాయి అంబులెన్సులో ఉద్యోగానికి చేరిందంటే అది నా ప్రోత్సాహమేనని మేముండే క్యాంప్ 1 బస్తీలో మా తెలుగువాళ్ళంతా చెప్పుకుంటారు. అది నిజం కాదు.

ఆ రోజు ఉతై ఊరెళ్ళే బస్సులో కూర్చుని, ఆ ఉద్యోగం వద్దని ఫోనులో దాని మీద కేకలు వేశాను. అది ఏదో చెప్పబోయిన ప్రతిసారీ గొంతు పెంచాను. చివరికి ఫోను పెట్టేసింది.

పక్క సీట్లో ఒక పెద్దావిడ ఉంది. ఒళ్ళో తోలు పట్టీతో ఇటుకంత పాత వైర్‌లెస్ సెట్టు. నందిని అనే ఊరి సున్నపురాయి గనుల అంబులెన్సులో తను నర్సుగా తిరిగినప్పుడు వాడినదట. తుక్కులో పడేస్తుంటే అడిగి తెచ్చుకుందట.

"ఏటి బాబూ, బటను మీంచి ఏలు తియ్యకుండా మాటాడేత్తన్నావు," అంది నవ్వుతూ.

"ఏ బటనండీ?"

సెట్టు నా చేతికిచ్చి, నా బొటనవేలు దాని పక్కనున్న బటన్ మీద నొక్కి పెట్టింది.

"ఇలా నొక్కినంతసేపూ నీ మాటే ఎల్తాది. అవతలోల్లు దెబ్బ తగిలినోడు ఎక్కడున్నాడో చెప్పినా నీకినపడదు. కొత్తలో నానూ ఇలాగే అరిచీదాన్ని. డ్రైవరు భయ్యా తిట్టీవోడు."

తర్వాత నా వేలిని మెల్లగా పైకి తీసింది.

బస్సు దిగి అమ్మాయికి మళ్ళీ ఫోను చేశాను. "చెప్పమ్మా," అని ఊరుకున్నాను. తను మాట్లాడటం మొదలుపెట్టింది. కాసేపటికి అనుమానం వచ్చినట్టుంది.

"పాపా, సున్ రహే హో?" నాన్నా, వింటున్నావా అని హిందీలో అడిగింది.

"వింటన్నానమ్మా," అన్నాను.

ఇప్పటికీ డ్యూటీ నుంచి అది ఫోను చేస్తే, నా బొటనవేలు ఫోనుకి తగలకుండా పైకే ఉంటుంది.