బాపు రాసిన అంకె

కిలోమీటరు రాయి కనబడితే నేను ఇప్పటికీ తల తిప్పుకుంటాను.

మా బాపు రోడ్ల శాఖలో గ్యాంగ్ కూలీ. రాజధాని నుంచి కరీంనగర్, పెద్దపల్లి మీదుగా గోదావరి దాటి మంచిర్యాలకు పోయే స్టేట్ హైవే మీద గుంతలు పూడ్చేవాడు, రాళ్లకు సున్నం వేసి నల్లరంగుతో అంకెలు రాసేవాడు. నాకు అంకెలు వచ్చింది ఆ రాళ్ల మీదే. ఆయన రిటైరయ్యాక రోడ్డు వెడల్పు చేశారు, బైపాసులు వేశారు.

రెండేళ్ల కింద చుట్టాలింటికి పోయి, బాపు, నన్ను కన్న అవ్వ, నేను ముగ్గురం రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. అవ్వ ఛాతీ పట్టుకుని కూలబడింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఎక్కడున్నారని అడిగారు. బాపు ఫోన్ లాక్కుని, “రెండువందల పన్నెండో రాయి కాడ” అన్నాడు. పెకిలించి పొదల్లో పడేసిన పాత రాయి పక్కనే ఉంది. దాని మీద ఆయన రాసిన అంకె.

అరగంటకు డ్రైవర్ ఫోన్ చేశాడు. “రాయి కాడనే ఉన్న కాకా, మీరేడున్నరు?”

బైపాసులతో దూరాలు మారి, కొత్త రాళ్లు పాతారట. ఆ అంకె ఉన్న కొత్త రాయి ఇప్పుడు ఎంతో దూరంలో ఉంది. బండి వెనక్కి తిరిగి వచ్చేసరికి అవ్వ నా ఒళ్లో చల్లబడింది.

“నేను రాసిన అంకెనే కదా బిడ్డా, ఎట్ల తప్పయితది?” అన్నాడు బాపు.

ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు. దినాలయిన మర్నాడు సున్నం, కుంచె పట్టుకుని ఆ రాయి దగ్గరికి పోయాడు. నేనూ వెంట పోయాను. పూసిన సున్నంలోంచి నలుపు కనబడుతుంటే మళ్లీ పూశాడు, మళ్లీ పూశాడు. ఆరితే కనబడదని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా కుంచె ఆపలేదు.