బిళ్ళ మీద హాజరు

నేను ఎకనామిక్స్‌లో ఎమ్మే చేసినందుకు మా ఇంట్లో ఎవరికీ సంతోషం లేదు. మా విజయనగరం చుట్టాల పిల్లలందరూ అమీర్‌పేటలో జావా నేర్చుకుని, సాఫ్ట్‌వేర్ కంపెనీల క్యాబుల్లో తిరుగుతున్న రోజులవి. నేను మాత్రం మల్కాజ్‌గిరిలో లోకల్ రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, ఒక బట్టల కొట్టు పై అంతస్తులో ఉన్న ఆఫీసుకు వెళ్ళేదాన్ని. ఎండలు ముదిరితే దేశం ఏం చేయాలో లెక్క కడతామని చెబితే, "ఎండలకి కూడా లెక్కలేటే?" అని మా అమ్మ నవ్వేది.

నిజానికి అది అంత వింత పనేమీ కాదు. వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే ఏ రంగంలో ఎన్ని పనిదినాలు పోతాయో చెప్పే లెక్కల నమూనా ఒకటి కంప్యూటర్‌లో కట్టాలి. నష్టం ఎక్కువున్న చోట ప్రభుత్వం ముందుగా ఖర్చు పెడుతుంది. నష్టం కనపడనివాళ్ళు వరస చివరికి పోతారు. ఆ జాతీయ ప్రణాళికలో మా ఆఫీసు వంతుకు టోకు మార్కెట్ల హమాలీలు వచ్చారు. వాళ్ళ లెక్క నాకప్పగించారు. గర్వం తలకెక్కింది, దాచుకోను.

ఒక కూరగాయల మార్కెట్లో హమాలీల ముఠాను నడిపే మేస్త్రీని బతిమాలి, కొన్నేళ్ళ వేసవి హాజరు పుస్తకాలు తెచ్చుకున్నాను. ఒక్కో హమాలీకి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. పుస్తకంలో ఆ నంబరుకు ఎదురుగా రోజూ టిక్కు పెడతారు. రోడ్డు మీద తారు కరిగే మే నెలలో కూడా గైర్హాజరు లేదు. నమూనా నడిపితే నష్టం సున్నా వచ్చింది. మా సార్ పొంగిపోయారు. "చూశావా, మనవాళ్ళు హీట్‌కి అడాప్ట్ అయిపోయారు. ఢిల్లీలో ఇదే చెప్తాను," అన్నారు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. మళ్ళీ మార్కెట్‌కు వెళ్ళి, పుస్తకం ప్రకారం ఒక్క పూటా మానని ఒక హమాలీ ఇల్లు కనుక్కున్నాను. అతను గోడకు చేరగిలబడి ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, లేవలేకపోయాడు. పోయిన ఎండాకాలం ఒక్కరోజూ మానలేదట కదా అని అడిగితే, అతని భార్యకు నవ్వొచ్చింది.

"మానకపోవుడేంది మేడం? నెల దినాలు మంచంలనే ఉండె. బిళ్ళ ఖాళీగుంటే వేరేటోళ్ళకు ఇచ్చేస్తరు. గందుకే ఆయన బిళ్ళ మీద మా మరిది పనికి పోయిండు. ఆయన సుత ఎండకు పడిపోతే మా తమ్ముడు పోయిండు. హాజరైతే పడాలె గద."

ఒక్క నంబరు కింద ఇద్దరు మగవాళ్ళు కూలిపోయారు. మూడోవాడు వెళ్ళి ఆ గడి నింపాడు. నా నమూనా దానికి 'అలవాటు' అని పేరు పెట్టింది.

"మాకు పెద్దగ ఏం వద్దు మేడం. లారీలు దింపేకాడ నీడకు షెడ్డేసి, మిట్టమధ్యానం జెర పని ఆపిపిస్తే సాలు. రాయుండ్రి," అందామె. రాస్తానన్నాను. ఆ పూట ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

మర్నాడు సార్‌కు చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. "ఎన్ని బిళ్ళలకి ఇలా జరిగిందో నీ దగ్గర డేటా ఉందా? లేదు కదా. ఇది కథమ్మా. కథని ఈక్వేషన్‌లో ఎక్కడ పెడతావ్?" అన్నారు. ఇల్లిల్లూ తిరిగి అడుగుతాను, ఒక నెల ఇవ్వండి అన్నాను. రిపోర్టు వారంలో పంపాలన్నారు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఈ సంగతి రెండు వాక్యాలు రాసి చూపించాను. కొట్టేశారు. మళ్ళీ రాయలేదు. నన్ను పర్మనెంట్ చేసే కాగితం అప్పుడు ఆయన టేబుల్ మీదే ఉంది. ఆయన మీద కోపం చూపించలేక, ఇంటికొచ్చి చారులో ఉప్పెక్కువైందని అమ్మ మీద అరిచాను.

ప్రణాళిక అచ్చయింది. మంచి కాగితం, రంగురంగుల పటాలు. మా హమాలీలకు ఎదురుగా సున్నా ఉంది. షెడ్లు రాలేదు, పని వేళలు మారలేదు. నా కాగితం మీద మాత్రం సంతకం పడింది.

మరుసటి జూన్‌లో కొత్త పుస్తకాల కోసం మళ్ళీ నన్నే పంపారు. ఆ హమాలీ భార్య మార్కెట్లో కుళ్ళిన ఉల్లిగడ్డలు ఏరుతూ కనిపించింది. భర్త మేలో పోయాడని చెప్పింది. మిట్టమధ్యాహ్నం, లారీ పక్కన, మూట వీపు మీద ఉండగానే కూలిపోయాడట. పుస్తకం తెరిచి ఆ తేదీ చూశాను. హాజరు పడింది. మర్నాడు కూడా పడింది. అదే బిళ్ళ మీద ఆమె మరిది వచ్చాడు.

అక్కణ్ణుంచి వెళ్ళిపోదామనుకున్నాను. ఆమే చేతులు కొంగుకు తుడుచుకుంటూ దగ్గరకొచ్చింది.

"మా షెడ్డు సంగతి మీరు అప్పుడు రాసిండ్రు గద మేడం? మా మరిది రోజు అడుగుతడు. మేడం రాసింది, సర్కారోళ్ళకు జెర టైం పడతది, ఓపిక పట్టుమని చెప్తున్న."

"రాశాను," అన్నాను.

ఆమె నాకు దండం పెట్టింది.