అడ్వైజింగ్ ఆఫీసును అడగండి

ఆ రోజుల్లో నేను కెనడాలో, ఒంటారియోలోని ఒక యూనివర్సిటీలో, ఎడ్యుకేషన్ విభాగంలో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పేదాన్ని. పీహెచ్‌డీ కూడా అక్కడే చేశాను. నాలుగు నెలలకొకసారి కొత్త కాంట్రాక్టు ఉత్తరం వచ్చేది. అది చేతికి వచ్చేదాకా తర్వాతి టర్మ్‌లో నాకు క్లాసు ఉందో లేదో తెలిసేది కాదు. ఆరేళ్లు అలాగే గడిచాయి.

నేను చేరినప్పుడు ఎం.ఎడ్. క్లాసులో పదకొండు మంది ఉండేవారు. అందరూ ఆ చుట్టుపక్కల బళ్లలో పనిచేసే టీచర్లే. తర్వాత ఇండియా నుంచి విద్యార్థులు వెల్లువలా రావడం మొదలైంది. రెండేళ్లు తిరిగేసరికి క్లాసు అరవై దాటింది. పై అంతస్తు గది చాలక మమ్మల్ని బేస్‌మెంట్‌లోకి మార్చారు. ఆ గదికి కిటికీ లేదు. బయట మంచు పడుతోందో ఎండ కాస్తోందో వచ్చేవాళ్ల కోట్లు చూసి తెలుసుకునేదాన్ని.

సగానికి పైగా తెలుగు పిల్లలే. చాలామంది ఒక్కరోజైనా పాఠం చెప్పి ఎరగరు. సీటు తేలిగ్గా వస్తుందని ఏజెంటు చెబితే అప్లై చేసినవాళ్లు. వేర్‌హౌస్‌లో షిఫ్టు ముగించుకుని వచ్చి, కోటు కూడా విప్పకుండా బల్ల మీద వాలిపోయేవారు. నాకు లేపబుద్ధి అయ్యేది కాదు.

ఒకామె మాత్రం వేరు. బి.ఎడ్. చేసి, కాకినాడలో ఒక మిషన్ స్కూల్లో పదకొండేళ్లు లెక్కలు చెప్పింది. భర్తనూ ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని వచ్చింది. ఒకరోజు క్లాసులో ఒక్కొక్కరూ పది నిమిషాలు ఏదైనా పాఠం చెప్పి చూపించాలి. తన వంతు రాగానే ఆమె అందరినీ లేపి లిఫ్టు దగ్గరికి నడిపించింది. గ్రౌండ్ ఫ్లోర్ సున్నా అనుకుంటే మనం ఎక్కడున్నాం అని అడిగింది. మైనస్ ఒకటి అన్నారు. రెండు అంతస్తులు ఎక్కితే? ఒకటి అని అందరూ ఒక్కసారే అరిచారు. ఆ పది నిమిషాలూ ఒక్కరి కన్ను కూడా మూతపడలేదు.

క్లాసు అయ్యాక నా గదికి వచ్చింది. ముగ్గురం కాంట్రాక్టు వాళ్లం ఒకే బల్ల పంచుకునే గది అది.

"మేడమ్, ఒక్క మాటండీ. ఈ ఎం.ఎడ్. అయిపోతే ఇక్కడ స్కూల్లో టీచర్‌గా చేరొచ్చు కదండీ?"

చేరలేరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. బడిలో పాఠం చెప్పే లైసెన్సు కావాలంటే మా దగ్గరే ఉన్న బి.ఎడ్. లాంటిది చదివి ఉండాలి. ఎం.ఎడ్. అనేది అప్పటికే లైసెన్సు ఉన్నవాళ్లు చేసుకునే పైచదువు. వేరే దేశాల వాళ్లకు మావాళ్లు తలుపులు బార్లా తెరిచింది ఆ ఎం.ఎడ్.కే. అయితే టర్మ్ మొదట్లో జరిగిన మీటింగ్‌లో ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ మాకు ఒక మాట చెప్పారు. "లైసెన్సులు, వీసాలు, ఉద్యోగాల గురించి విద్యార్థులు అడిగితే మీరు జవాబు చెప్పకండి. అడ్వైజింగ్ ఆఫీసుకు పంపండి. పొరపాటు చెబితే చిక్కుల్లో పడతాం." కాంట్రాక్టు వాళ్లమంతా తల వంచుకుని రాసుకున్నాం.

"అది అడ్వైజింగ్ ఆఫీసును అడగాలండీ," అన్నాను.

"మీకు తెలీదాండీ?"

"వాళ్లయితే కరెక్టుగా చెప్తారు."

వారం తర్వాత మా వెబ్‌సైట్‌లోని పేజీ ప్రింటు తీసిన కాగితం పట్టుకుని మళ్లీ వచ్చింది. 'విద్యారంగంలో రకరకాల అవకాశాలు' అన్న వాక్యం కింద పసుపు రంగు గీత గీసి ఉంది. "స్కూళ్లు అని కూడా రాశారండీ. అంటే పర్లేదన్నమాటేగా?"

నేను కాగితం తీసుకుని, చదువుతున్నట్టు కాసేపు పట్టుకుని, తిరిగి ఇచ్చేశాను. "జాగ్రత్తగా చదువుకోండి," అన్నాను. పక్కన కూర్చున్న ఇద్దరికీ తెలుగు ఒక్క ముక్క రాదు. నిజం చెప్పినా వాళ్లకు అర్థమయ్యేది కాదు. అయినా చెప్పలేదు. నా కళ్ల ముందు ఆ నాలుగు నెలల ఉత్తరమే కదలాడింది.

తర్వాతి ఏడాది వేసవిలో వచ్చి, కూర్చోకుండా ఫోన్ నా ముందు పెట్టింది. టీచర్లు సెలవు పెట్టిన రోజుల్లో పాఠం చెప్పే ఉద్యోగానికి అప్లై చేస్తే వచ్చిన జవాబు అది.

"లైసెన్స్ నంబర్ అడుగుతున్నారండీ. ఎం.ఎడ్. సరిపోదంట."

"సరిపోదు."

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నేను ఆ కాయితం తెచ్చిన రోజుకీ?"

తల ఊపాను. కేకలేస్తుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి," అంది.

తలుపు వేసి అంతా చెప్పాను. ఇండియాలో చదివిన బి.ఎడ్.ను కూడా ఇక్కడి లైసెన్సు వాళ్లు పరిశీలిస్తారు. కానీ మార్కుల కాగితాలు అక్కడి యూనివర్సిటీ నుంచే నేరుగా రావాలి. వాళ్ల వెంట పడాలి, నెలలు పడుతుంది. ఆమె అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంది.

"మొదట్లోనే చెప్పుంటే ఈపాటికి వచ్చేసేవండీ," అంది. నోట్‌బుక్ మూసి, "మీకూ ఏదో ఇబ్బంది ఉండుంటుందిలెండి," అంది. తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

తర్వాతి మీటింగ్‌లో నేను నోరు విప్పాను. లైసెన్సు సంగతి వెబ్‌సైట్‌లో మొదటి పేజీలోనే రాయాలన్నాను. కోఆర్డినేటర్ చెడ్డమనిషి కాదు. "నువ్వన్నది నిజమే. కానీ ఆ పేజీ రాసేది నేను కాదు," అన్నారు. మరి ఎవరు రాస్తారో ఆ గదిలో ఎవరికీ తెలియదు.

కొత్త టర్మ్ మొదటి క్లాసులో నేనే చెప్పేశాను. ఈ డిగ్రీతో ఇక్కడ టీచర్లు కాలేరు, ఇండియా బి.ఎడ్. ఉన్నవాళ్లు ఈ వారమే మార్కుల కాగితాల కోసం మీ యూనివర్సిటీలకు రాయండి అన్నాను. వెనక వరసలోంచి ఒక అమ్మాయి తెలుగులో అడిగింది: "ఇప్పుడు చెప్తే ఎట్ల మేడమ్? ఇల్లు తాకట్టు పెట్టి వచ్చినం. వెనక్కి ఎట్ల పోతం?"

ఆ పిల్లలు ఆ గదిలో ఉండలేరు, వదిలి వెళ్లలేరు. నేనూ అంతే.

ఆ టర్మ్ తర్వాత నాకు ఉత్తరం రాలేదు. అప్పటికి ప్రభుత్వం కొత్త విదేశీ విద్యార్థుల రాకను తగ్గించేసింది. క్లాసులు మూతపడుతున్నాయి. నన్ను ఆపేసింది అందుకా, నేనన్న మాటకా? ఎవరినీ అడగలేదు. ఇప్పుడు ఒక లైబ్రరీలో పనిచేస్తున్నాను.

కొన్నాళ్లకు కాకినాడ ఆమె ఫోన్ చేసింది. డేకేర్‌లో సహాయకురాలిగా చేస్తోందట. మార్కుల కాగితాలు ఎట్టకేలకు వచ్చాయట. లైసెన్సు వాళ్లకు యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద ఒక సిఫారసు ఉత్తరం కావాలట. ఆ లెటర్‌హెడ్ వాడే హక్కు నాకిక లేదు. ఉత్తరం రాసి, కోఆర్డినేటర్ దగ్గరికే పట్టుకెళ్లాను.

ఆయన చదివి, "ఈవిడ పాఠం బాగా చెబుతుందా?" అని అడిగారు.

"నాకంటే బాగా," అన్నాను. సంతకం పెట్టారు.

లైసెన్సు వచ్చింది, ఇంకో రెండు కోర్సులు చేయాలన్న షరతుతో. పొద్దున్నే ఫోన్ వస్తే ఆరోజు ఏ బడికి రమ్మంటే ఆ బడికి వెళుతోంది. ఆ కబురు చెప్పడానికి చేసినప్పుడు నన్ను మేడమ్ అనలేదు, ఏవండీ అంది. క్షమించమని అడగాలని మాటలు కూడదీసుకుంటున్నాను.

"బస్సొచ్చేసిందండీ, ఉంటాను," అని పెట్టేసింది.