రాణిగారి కట్నం, రమ్య నోట్లో ఘారీ

సూరత్‌లో ఆంగ్లేయుల పాత సమాధులు చూడాలన్న కోరిక నాకు ఒక రాణి వల్ల పుట్టింది. ఆవిడ పోర్చుగల్ రాకుమారి. పెద్దలు ఇంగ్లండు రాజుతో పెళ్ళి కుదిర్చి, కట్నం కింద బొంబాయిని ఇచ్చేశారు. సూరత్‌లో ఉన్న ఆంగ్ల వర్తకులు తర్వాత అక్కడికే మకాం మార్చారు. సూరత్ రేవు వెలవెలబోయింది. ఇంతలో సూరత్‌లోనే మన తెలుగువాళ్ళుండే డిండోలి నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది, కూతురు రమ్యకు భివండి సంబంధం చూస్తున్నాం, రమ్మని. రెండూ కలిసొచ్చాయని బయల్దేరాను.

ఉధ్నా స్టేషన్లో దిగితే డిండోలి దగ్గరే. మర్నాడు పొద్దున్నే రమ్యను వెంటబెట్టుకొని ఆ సమాధులున్న కతార్‌గామ్ దర్వాజాకు ఆటో ఎక్కాను. రెండొందలకు ఒప్పుకున్న డ్రైవరు, "ఉధర్ క్యా హై బెహెన్, కబ్రస్తాన్ హీ తో హై" అని, ఉన్నవి సమాధులేగా అన్నట్టు నవ్వాడు. తీరా చూస్తే ఒక్కో సమాధి మీద మేడంత గుమ్మటం! బతికున్నప్పుడు దుకాణదారులు, చచ్చాక నవాబులు. మమ్మల్ని టికెట్ కూడా ఎవరూ అడగలేదు.

రమ్య సలాబత్‌పురాలో కంప్యూటర్ మీద చీరల డిజైన్లు వేస్తుంది. నీడలో కూర్చొని రాణి కథ చెప్పమంది. చెప్పాను. భాష రాని దేశం. మొగుడి ప్రియురాలినే చెలికత్తెగా పెట్టుకోమన్నారు. పిల్లలూ కలగలేదు.

"ఓడ ఎక్కేముందు ఆమెను ఎవరన్న అడిగిన్రా అక్కా?"

"నేను చదివినంతలో ఎక్కడా లేదే."

"నన్నైతే అడుగుతరు. భివండి పోయినా పని బంద్ చెయ్యనని చెప్త. సరే అంటెనే లగ్గం."

సాయంత్రం భివండి వాళ్ళు వచ్చారు. పెళ్ళి ఖాయం చేసుకోవడానికి ఇలా కూర్చోవడాన్ని మావాళ్ళు 'మాట ముచ్చట' అంటారు. బంగారం, ఫంక్షన్ హాలు, పెట్టుపోతలు అన్నీ మాట్లాడుకున్నారు. రమ్య చాయ్ ఇచ్చి గోడవారగా నిలబడింది. "చాయ్ నువ్వే చేసినవా బిడ్డా? మంచిగున్నది" అంది పిల్లగాడి తల్లి. అంతే.

నాకు ఉండబట్టలేదు. "చిన్నాయనా, పిల్లనేం అడగరా?"

"ఇప్పుడే అడిగిరి గదనే!" అన్నాడు చిన్నాయన. అందరూ పకపకా నవ్వారు.

"నేను జర ఒక మాట..." అని రమ్య నోరు తెరిచింది. చిన్నమ్మ నెయ్యి కారుతున్న ఘారీ తెచ్చి ఆ నోట్లో కుక్కేసింది. "మూ మీఠా చేసుకోరి, నోరు తీపి చేసుకోరి! మా పిల్ల ఒప్పుకున్నది!"

ఒళ్ళు మండిపోయింది నాకు. రాణి కథ చదివినప్పుడు పాతకాలం కదా అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడేమని సరిపెట్టుకోను? మాట ముచ్చటట! మాటా వాళ్ళదే, ముచ్చటా వాళ్ళదే.

సూరత్ వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: ఘారీ చిన్న ముక్కే తీసుకోండి. కోవా, నెయ్యి కలిసిన మిఠాయి, తొందరగా గొంతు దిగదు. రమ్య మింగేలోపే తాంబూలాలు మార్చేసుకున్నారు.